శబ్దమేళనము: శైలి యెట్లు కుదురును?

(గ్రంథాలయ రజతోత్సవ సభ కొఱకు వ్రాసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు నిత్యము వచ్చు పాఠకునకు ఒక అనుభవము కలదు. అట్ట చిరిగి, రచయిత పేరున్న మొదటి పుట ఊడిపోయిన పుస్తకమొకటి చేతికి వచ్చును. నాలుగు పుటలు చదువునంతలోనే ఇది ఫలానివారి రచన యని అతడు పోల్చుకొనును. వాక్యము నడచిన తీరే అతనికి ఆ పేరు చెప్పినది. ఆ తీరునకు శైలి యని పేరు. శైలి యను సంస్కృత పదము శీలమను పదమునుండి పుట్టినది. శీలమనగా నడవడి, అలవాటు, స్వభావము. కనుక శైలి యనునది పైన తొడుగుకొను ఆభరణము కాదు. నిత్యము చేయు పనిలో మనిషి స్వభావము విడిచిన జాడ.

కవికి, గాయకునకు, చిత్రకారునకు శైలి కలదన్న ఎల్లరు నొప్పుకొందురు. కాని పాటను రికార్డు చేయు స్టూడియోలో, గాజు పలక కావల, మీటలు త్రిప్పుచు కూర్చుండు మనిషికి సైతము శైలి యుండునా? అతడు పాడడు, వాయింపడు, వరుస కట్టడు. రికార్డుపై అతని పేరు చిన్న అక్షరములలో నుండును. పెక్కుమార్లు అదియు నుండదు. అయినను అతనికిని శైలి కలదు. అది యెట్లు కుదురునో, ఎట్లు చెడునో విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా ఆ పని యేమో తెలియవలయును. గ్రామోత్సవములో హరికథ జరుగునపుడు మైకుసెట్టువానిని అందరును చూచియుందురు. మృదంగము మైకునకు మరీ దగ్గరైనచో భాగవతారు పలుకు వినబడదు. వెనుక వరుసలోని ముసలమ్మలు “మాట తెలియుట లేదు నాయనా” యని కేక వేయుదురు. అతడు లేచి మృదంగము మైకు కొంచెము దూరము జరపి, పలుకు మైకును హెచ్చించును. కథ మరల నడచును. ఆ జరుపుటయే, ఆ హెచ్చించుటయే శబ్దమేళనము. దానిని వృత్తిగా చేయువానిని మిక్సింగు ఇంజనీరు అందురు.

పూర్వము మదరాసు స్టూడియోలలో సినిమాపాట రికార్డు చేయునపుడు గాయకులును, వాద్యబృందమును ఒకే వేళ పాడి వాయించెడివారు. ఒక్కరు తప్పినను పాటంతయు మరల మొదటికి వచ్చెడిది. ఎవరిని మైకునకు దగ్గరగా కూర్చుండబెట్టవలెను, ఎవరిని దూరముగా నుంచవలెను అను నిర్ణయమే అప్పటి మేళనములో ముఖ్య భాగము. తరువాత అనేక ట్రాకుల టేపు వచ్చినది. గాత్రము ఒక ట్రాకుపై, తబలా వేరొకదానిపై, వయొలినులు మఱియొకదానిపై విడివిడిగా పట్టి, పిమ్మట తీరికగా కలుపుకొను వీలు కలిగినది. నేడు కంప్యూటరులో ఒక్క పాటకు వందకు పైబడిన ట్రాకులుండుటయు కలదు. వాని నన్నిటిని కలిపి రెండు చెవులకు రెండు ధారలుగా అందించుట మిక్సింగు ఇంజనీరు పని.

అతని సాధనములు పెక్కు కావు. శబ్దమును హెచ్చించుట, తగ్గించుట మొదటిది. దానిని కుడికో, ఎడమకో, నడుమకో చేర్చుట రెండవది. ఒక శబ్దములోని మంద్ర, మధ్య, తార భాగములను వేరువేరుగా పెంచుట, కోయుట మూడవది. ప్రతిధ్వని చేర్చి ఆ శబ్దము చిన్న గదిలో పుట్టినట్లో, పెద్ద మండపములో పుట్టినట్లో తోపించుట నాలుగవది. ఒక్కసారిగా ఎగయు శబ్దమును అణచి అదుపులో నుంచుట ఐదవది. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. ఆ మేరలోనే వాద్యములన్నియు ఇముడవలయును. రెండు వాద్యములు ఒకే చోట క్రిక్కిరిసినచో, బిగ్గరగా మ్రోగునది రెండవదానిని కప్పివేయును. అప్పుడు కప్పబడినదానిని ఇంకను పెంచుట తెలియనివాని పని. కప్పుచున్నదానిలో కొంత కోసి చోటు కల్పించుట తెలిసినవాని పని.

ఈ సాధనములు అందరికి నొక్కటే. మఱి ఒకని మేళనము వేరొకని మేళనమువలె ఏల నుండదు? దీనికి సమాధానము చెప్పదగిన చరిత్ర ఒకటి సముద్రముల కావల, జమైకా ద్వీపములో జరిగినది.

జమైకా కరిబియన్ సముద్రములోని చిన్న దేశము. 1962లో బ్రిటిషు పాలన నుండి స్వతంత్రమైనది. దాని రాజధాని కింగ్‌స్టన్ నగరములోని పేదపేటలలో వాద్యబృందమును పిలిపించుకొను శక్తి జనులకు లేకుండెను. అందువలన కొందరు పెద్ద పెద్ద లౌడుస్పీకర్లను, రికార్డులను బండిపై వేసికొని వచ్చి వీధిలో పెట్టెడివారు. జనులు రాత్రియంతయు నాట్యమాడెడివారు. దానిని అచట సౌండు సిస్టము అందురు. తెలుగు గ్రామములలో జాతరకు వచ్చు మైకుసెట్టునకు అది దూరపు చుట్టము.

ఆ నగరమున 1941లో ఆస్బోర్న్ రడ్డాక్ అను నాతడు జన్మించెను. లోకము అతనిని కింగ్ టబ్బీ యను పేరుతో నెఱుగును. అతడు గాయకుడు కాడు, వాద్యకారుడును కాడు. రేడియోలు బాగుచేయుట, ట్రాన్స్‌ఫార్మర్లకు తీగె చుట్టుట, ఆంప్లిఫయర్లు కట్టుట అతని జీవనోపాధి. సౌండు సిస్టముల వారు చెడిన యంత్రములను అతని యొద్దకు తెచ్చెడివారు. పిమ్మట అతడును సొంత సౌండు సిస్టము నడపెను. కొంతకాలము ఒక స్టూడియోలో రికార్డు పలకలు కోయు పనియు చేసెను. పలక కోయునపుడు ఏ శబ్దము సూదిని ఎగురవేయును, ఏది పలకపై నిలుచును అను జ్ఞానము అతనికి చేతితోనే అబ్బెను.

1968 ప్రాంతమున జమైకాలో ఒక క్రొత్త వాడుక పుట్టెను. ఒక పాట పలక కోయునపుడు పొరపాటున గాత్రము చేర్చుట మరచి, వాద్యము మాత్రమే కోసిరనియు, ఆ పలకను వీధిలో వేయగా జనులు తామే గొంతెత్తి పాడి ఆనందించిరనియు చెప్పుదురు. అప్పటినుండి రికార్డునకు ఒక ప్రక్క పాటయు, రెండవ ప్రక్క గాత్రము లేని వాద్యమును ముద్రించుట ఆచారమయ్యెను. ఆ రెండవ ప్రక్కయే టబ్బీకి పొలమైనది.

1970 దాటిన తొలి సంవత్సరములలో అతడు ఒక పెద్ద స్టూడియో వారు వాడి విడిచిన నాలుగు ట్రాకుల మిక్సింగు బల్లను సంపాదించి, వాటర్‌హౌస్ పేటలోని తన తల్లి యింటిలో అమర్చెను. స్నానపు గది గాయకులు పాడు గదియైనది. వాద్యబృందము కూర్చుండుటకు చోటు లేదు. అందువలన వేరు స్టూడియోలలో పట్టిన వాద్యముల టేపులను నిర్మాతలు అతని యొద్దకు తెచ్చెడివారు. అతడు గాత్రము చేర్చి మేళవించి యిచ్చెడివాడు. అనగా అతని చేతికి వచ్చునది ఇతరులు చేసిన సంగీతము, అదియు నాలుగే ట్రాకులు. క్రొత్తగా చేర్చుటకు ఏమియు లేదు. తీయుటకు మాత్రమే వీలున్నది.

అతడు తీయుటనే కళగా చేసెను. పాట మొదలగును, గాయకుడు ఒక పదము పలుకును, వెంటనే గాత్రము మాయమై, ఆ పదపు తుది అక్షరము మాత్రము ప్రతిధ్వనియై దూరము దూరము పోవును. గిటారు ఒక్క మీటు మీటి ఆగిపోవును. మిగిలినది డ్రమ్ము, మంద్రముగా మ్రోగు బాసు. శ్రోత తన మనస్సులోనే పాటను పూరించుకొనును. ఆ బల్లపై మంద్ర భాగమును క్రమక్రమముగా కోయు పెద్ద మీట యొకటి కలదు. ఒక్కసారి అమర్చి విడిచిపెట్టవలసిన ఆ మీటను అతడు పాట నడచుచుండగా వాద్యమువలె త్రిప్పెను. ప్రతిధ్వని పుట్టించు స్ప్రింగుల పెట్టెను చేతితో కొట్టి ఉరుము శబ్దము రప్పించెను. ఈ విధమైన మేళనమునకు డబ్ యని పేరు వచ్చెను. 1976లో అగస్టస్ పాబ్లో అను సంగీతకారునితో వెలువడిన “కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్” అను రికార్డుపై మిక్సింగు ఇంజనీరు పేరు శీర్షికయందే నిలిచినది.

ఇచట గమనింపవలసిన దొకటి కలదు. టబ్బీ శైలి అతడు కోరి కల్పించుకొన్నది కాదు. రేడియో బాగుచేయువాడు చెడిన భాగమును వెదకుటకు ఒక్కొక్కదానినే విడదీసి చూచును. సౌండు సిస్టము నడుపువానికి జనుల పాదము ఏ శబ్దమునకు కదలునో తెలియును. పలక కోయువానికి బాసు ఎంత వరకు నిలుచునో తెలియును. ఈ మూడు అలవాట్లును కలసి నాలుగు ట్రాకుల పేదరికములో ఒక శైలిగా రూపొందినవి.

శైలి యంత్రములో నున్నదా, మనిషిలో నున్నదా యను సందేహమునకు అదే యింటిలో సమాధానము దొరకును. టబ్బీ యొద్ద లాయిడ్ జేమ్స్ అను ప్రిన్స్ జామీ, హోప్టన్ బ్రౌన్ అను సైంటిస్టు శిష్యులైరి. బల్ల అదియే, గది అదియే, తరచుగా టేపులును ఆ నిర్మాతలవే. అయినను సైంటిస్టు మేళనములో ఖాళీ మఱింత పెరిగి, వింత శబ్దములతో కూడిన ఒక చిలిపితనము కనబడును. జామీ సొంత స్టూడియో కట్టుకొని, 1985లో ఒక చిన్న కాసియో కీబోర్డులోని లయ ఆధారముగా వేన్ స్మిత్ పాడిన పాటను వెలువరించి, జమైకా సంగీతమునే క్రొత్త దారికి మరల్చెను. ఒకే గురువు, ఒకే బల్ల, మూడు శైలులు. గురువు వారికి చేతిపని నేర్పెను. స్వభావము మాత్రము ఎవరిది వారిదే.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలిచిన వాడొకడు అమెరికాలో కలడు. రూడీ వాన్ గెల్డర్ పగలు కంటి పరీక్షలు చేసి అద్దములు వ్రాయువాడు. న్యూజెర్సీ రాష్ట్రములోని హాకెన్‌సాక్‌లో తన తల్లిదండ్రుల యింటి ముందు గదిలోనే అతడు గొప్ప జాజు విద్వాంసులను రికార్డు చేసెను. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ అను చోట ఎత్తైన చెక్క పైకప్పు గల స్టూడియో కట్టుకొని, కంటి వైద్యవృత్తిని విడిచెను. అతడు పరికరములను తాకునపుడు చేతితొడుగులు ధరించెడివాడు. టబ్బీవలె పాటను విడదీయుట అతని మార్గము కాదు. వాద్యకారుడు శ్రోత యెదుటనే కూర్చున్నట్లు తోపించుట అతని మార్గము. అద్దము తేటగా నుండవలెనని కోరు వానికి శబ్దమును తేటగా నుండవలెనను తలంపు కలుగుటలో వింత లేదు. ఇద్దరును తల్లిదండ్రుల యింట పని మొదలిడినవారే; ఇద్దరును వేరు వృత్తి చేసి వచ్చినవారే. ఒకడు ఖాళీని ప్రేమించెను. ఒకడు తేటదనమును ప్రేమించెను. ప్రేమించినది వేరగుటచే శైలియు వేరైనది.

నేడు ఈ విద్య నేర్వగోరు యువకునకు ఈ చరిత్రల వలన కలుగు ప్రయోజనమేమి?

మొదటిది వినుట. పుస్తకములు చదువనివాడు రచయిత కాలేనట్లే, పాటలు వినని వాడు మేళనకారుడు కాలేడు. కాని ఊరక వినుట చాలదు. ఒక పాటను పదిమార్లు వినవలెను. ఒక్కొక్కమారు ఒక్కొక్క వాద్యమును మాత్రమే చెవితో వెంబడింపవలెను. తబలా ఎచట నున్నది? గాత్రమునకు ప్రతిధ్వని ఎంత? చరణములో వయొలిను ఏల వెనుకకు పోయినది? ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనువానికి ఏడాదిలో చెవి తెరచుకొనును.

రెండవది తన చెవిని శంకించుట. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక సత్యము ప్రకటించిరి. శబ్దము తక్కువగా నున్నపుడు చెవి మంద్ర ధ్వనులను సరిగా గ్రహింపదు. శబ్దము పెరిగిన కొలది అవి బలముగా తోచును. అందువలన బిగ్గరగా విన్న ప్రతిదియు మేలైనదని మనస్సు మోసపోవును. రెండు మేళనములను పోల్చునపుడు రెంటిని ఒకే పరిమాణమున వినవలయును. ఈ చిన్న నియమమును పాటింపక, శబ్దము పెంచుటయే శైలి యని భ్రమించి చెడినవారు పెక్కురు. అంతియే కాదు, నిరంతరము బిగ్గరగా వినువాని వినికిడి క్రమముగా తగ్గును. చెవియే పెట్టుబడియైన వృత్తిలో దానిని పోగొట్టుకొనుట రైతు విత్తనపు గింజలను వండుకొని తినుట వంటిది.

మూడవది తెలిసి అనుకరించుట. అనుకరణ తప్పు కాదు. బాలుడు పలకపై గురువు వ్రాసిన అక్షరముల మీదనే దిద్దును. కాని దిద్దిన బాలుడు ఒకనాడు ఉత్తరము వ్రాయవలయును. పేరున్న మేళనమును ఎదుట నుంచుకొని, దానివలె చేయ యత్నించి, ఎచట భేదించినదో చూచుకొనవలెను. ఆ భేదములో కొంత తన లోపము, దానిని దిద్దుకొనవలెను. కొంత తన స్వభావము, దానిని కాపాడుకొనవలెను. ఏది లోపము, ఏది స్వభావము అని తెలిసికొనుటకే సంవత్సరములు పట్టును. ఆ వివేకము కలిగిన దినమున శైలి పుట్టినదని చెప్పవచ్చును.

నాలుగవది సాధనములను పరిమితము చేసికొనుట. నేటి కంప్యూటరులో ప్రతిధ్వనులే వందల విధములు. అన్నిటిని రుచి చూచువానికి ఒక్కటియు వశము కాదు. ఒకే గదిలో, ఒకే జత స్పీకర్లపై, నాలుగైదు సాధనములతో ఏండ్లు పనిచేసినవానికి ఆ సాధనములు చేతి వ్రేళ్లవలె నగును. టబ్బీకి లేమి నేర్పిన పాఠమును కలిమి గలవారు నియమముచే నేర్చుకొనవలెను.

ఇక ఒక హెచ్చరిక. శైలి పేరుతో పాటను చంపరాదు. పాట గాయకునిది, కవిది, వరుస కట్టినవానిది. మాట కొఱకు వినవలసిన పాటలో మాటను మరుగుపరచి, తన ప్రతిధ్వనుల చమత్కారము చూపువాడు హరికథలో భాగవతారును మించి మ్రోగు మృదంగము వంటివాడు. టబ్బీ గాత్రమును తీసివేసెను గదా యని యెవరైన అడుగవచ్చును. నిజమే. కాని అతడు తీసినది రికార్డు రెండవ ప్రక్కన. మొదటి ప్రక్కన గాయకుని పాట చెక్కుచెదరక యున్నది. విన్నవానికి రెండును దక్కినవి. ఎచట స్వేచ్ఛ తీసికొనవచ్చునో, ఎచట సేవ చేయవలెనో ఎఱుగుట శైలిలో భాగమే.

ఆ సేవాభావమునకు ఉదాహరణము దగ్గరలోనే కలదు. చెన్నపట్టణమున ఎ.ఆర్. రహమాన్ పాటల వెనుక చిరకాలము పనిచేసిన ఇంజనీరు హెచ్. శ్రీధర్. “దిల్ సే”, 2001 నాటి “లగాన్” చిత్రముల శబ్దమునకు అతడు జాతీయ పురస్కారములలో పాలుపొందెను. 2008లో అకాలముగా మరణించెను. తెలుగునాట ఇంటింట విన్న పాటలలో అతని చేయి కలదు. అతని పేరు విన్న యిండ్లు మాత్రము అరుదు. వినువాడు పాటను మెచ్చి, మేళనమును గమనింపకుండుటయే ఒక్కొక్కప్పుడు ఈ కళకు పరమావధి.

టబ్బీ జీవితము విషాదముగా ముగిసెను. 1989 ఫిబ్రవరిలో కింగ్‌స్టన్‌లో అతని యింటి యెదుటనే అతనిని ఎవరో కాల్చి చంపిరి. అప్పటికి అతనికి 48 ఏండ్లు. కాని తల్లి యింటి గదిలో అతడు చేసిన పని సముద్రములు దాటినది. నేడు పలు దేశముల సంగీతములో గాత్రమును తీసి, తుది అక్షరమును ప్రతిధ్వనింపజేయుట సామాన్యమైనది. 2018లో యునెస్కో సంస్థ జమైకా దేశపు రెగ్గే సంగీతమును మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించినది.

నేడు తెలుగు పల్లెలోని బాలుడు సైతము ఒక లాప్‌టాపుతో, ఒక జత హెడ్‌ఫోనులతో పాటను మేళవింపగలడు. ఇది సంతోషింపదగిన విషయము. అయితే ఒక మీట నొక్కిన చాలు, యంత్రమే మేళనము ముగించి యిచ్చు కాలమును వచ్చినది. ఆ యంత్రము అనేకుల మేళనములను పరిశీలించి వాని సగటును అందించును. సగటులో తప్పులుండవు, మనిషియు నుండడు. ఆ బాలుడు యంత్రము నిచ్చినదానిని అట్లే పంపివేసినచో అతని పాట వేయి పాటలలో నొకటి యగును. తన ఊరి డప్పును, తన చెరువుగట్టు నిశ్శబ్దమును, జాతరలో దూరమునుండి తేలివచ్చు మైకు ధ్వనిని ఎఱిగిన చెవితో యంత్రము పనిని సరిదిద్దినచో, ఆ పాట విన్నవాడు పేరు చూడకయే అతనిని పోల్చుకొనును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేసిన పని ఇదియే గదా! ఇచటి బీరువాలలో వేయి శైలులు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. వానిని చదివినవారిలో ఏ యొక్కరును మఱియొకరి ప్రతిబింబము కాలేదు. ప్రతివాడు తన మాట తాను నేర్చెను. పుస్తకములున్న ఈ గదిలోనే ఒక మూల నాలుగు మంచి రికార్డులు, వినుటకు ఒక యంత్రము, నిశ్శబ్దముగా కూర్చుండి వినుటకు ఒక బల్ల అమరినచో, చదువువారితోపాటు వినువారును ఇచట తయారగుదురు. అట్టి వినికిడి గలవారిలోనుండి రేపటి మేళనకారుడు వచ్చును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొను నాటికి అట్టివాడొకడు ఈ గ్రామమునుండి వెలువడి, పేరు చెప్పకయే చెవికి గుర్తుకు వచ్చుగాక!